చలికి నిద్రపోయిన సెల్లు

మా ఇంటి ఫ్రిజ్ తలుపు అరలో, గుడ్లకూ నిమ్మకాయలకూ పక్కన, మూత బిగుతుగా ఉండే ఒక స్టీలు డబ్బా ఉండేది. దానిని ముట్టుకొనే అధికారం మా ఇంట్లో అబ్బాకు తప్ప మరెవరికీ లేదు. అందులో వాడని ఫిల్ము రీళ్లు కొన్ని, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన బటన్ సెల్లు కొన్ని ఉండేవి. "అల్లం పెట్టుకోవడానికి చోటు లేదు గానీ, మీ సెల్లుకు మాత్రం సింహాసనం!" అని అమ్మీ విసుక్కొనేది. అబ్బా నవ్వి ఊరుకొనేవారు. మరీ గట్టిగా అడిగితే, "ఎండ సెల్లును తినేస్తుంది, చలువ దాన్ని కాపాడుతుంది" అని ఒక్క మాట చెప్పేవారు.

నంద్యాల ఎండలను ఎరిగినవారికి ఆ మాటలో అతిశయోక్తి కనిపించదు. మే నెలలో 44, 45 డిగ్రీలు మాకు వార్త కాదు. అబ్బా స్టూడియోకు రేకుల కప్పు. మధ్యాహ్నం వేళ బీరువా తలుపు తెరిస్తే లోపలి గాలి ముఖానికి కొట్టేది. అటువంటి బీరువాలో మరచిపోయిన సెల్లు కారిపోయి, వాటి అంచుల వెంట తెల్లని పొడి పేరుకొని, ఒకసారి ఫ్లాష్ లైటు లోపలి రాగి రేకులనే తినివేసిందట. ఆనాటి నుండి ఆయన సెల్లను ఫ్రిజ్‌కు అప్పగించారు. నేను ఆ మాటను వింటూ పెరిగాను. పెద్దలు చెప్పిన మాటను ఎక్కడ వర్తిస్తుందో ఆలోచించకుండా మూటగట్టుకొని వెళితే ఏమవుతుందో 2023 జనవరిలో, కార్గిల్‌లో ఒక మేడ మీద, ఒక వృద్ధురాలి ఎదుట నాకు తెలిసివచ్చింది.

ముందుగా కెమెరా సంగతి చెప్పాలి. అది నికాన్ ఎఫ్‌ఈ2. ఆ నమూనా 1983లో బజారుకు వచ్చింది. కువైట్ నుండి తిరిగివచ్చిన ఒక పొరుగాయన వద్ద అబ్బా దానిని 1989లో కొన్నారు. ఆ తరువాత పదిహేనేళ్లపాటు మా ఊళ్లో, చుట్టుపట్ల గ్రామాలలో, ఎన్ని నికాహ్‌లకు, ఎన్ని వలీమా విందులకు అది సాక్షిగా నిలిచిందో లెక్క లేదు. ఆ రోజుల్లో మన స్టూడియోల వారు ఎక్కువగా దాని తోబుట్టువైన ఎఫ్‌ఎం2ను వాడేవారు. చూపునకు రెండూ కవల పిల్లల వలె ఉంటాయి. రెంటికీ అడుగున, నాణెంతో తిప్పి తెరిచే చిన్న మూత కింద, రెండు బటన్ సెల్లు అమరుతాయి. అయితే ఎఫ్‌ఎం2లో సెల్లు వెలుగును కొలవడానికి మాత్రమే. అవి చచ్చిపోయినా గడియారపు స్ప్రింగు వంటి యంత్రంతో తెర కదులుతుంది, ఫోటో పడుతుంది. ఎఫ్‌ఈ2 అలా కాదు. దానిలో తెర ఎంతసేపు తెరుచుకోవాలో నిర్ణయించేది విద్యుత్తు. పెళ్లిపందిరిలో వెలుగు క్షణక్షణం మారుతుంది గనుక, తానే వేగాన్ని ఎంచుకొనే కెమెరా మేలని అబ్బా దీనిని ఇష్టపడ్డారు. సెల్లు పోతే కెమెరా కూడా పోతుందన్న తేడా నంద్యాల వేడిలో ఏనాడూ బయటపడలేదు.

నేను హైదరాబాదు గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో చదువుకొనే రోజుల్లో నా గదిలో ఒక కార్గిల్ విద్యార్థి ఉండేవాడు. ఏప్రిల్ నెల రాగానే తడిగుడ్డ నెత్తిన వేసుకొని పంకా కింద కూలబడేవాడు. "మీరు ఈ నిప్పుల్లో ఎలా బ్రతుకుతున్నారు భాయ్?" అని అడిగేవాడు. "ఒకసారి జనవరిలో మా ఊరికి రా. అప్పుడు నేను నిన్ను చూసి నవ్వుతాను" అనేవాడు. చదువులు ముగిశాయి, పెళ్లిళ్లు అయ్యాయి, పిల్లలు పుట్టారు. ఆ ఆహ్వానం మాత్రం అలాగే మిగిలిపోయింది. చివరకు అతడే ఒకనాడు ఫోన్ చేసి అసలు విషయం చెప్పాడు.

అతని నానమ్మకు ఎనభై దాటాయి. వారి భాషలో నానమ్మను అపీ అంటారు. తాతగారు పోయినప్పుడు ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదట. మనవళ్లు ఆయన ముఖాన్ని ఒకరికొకరు మాటలతో వర్ణించుకోవలసి వచ్చిందట. అపీకి కూడా గుర్తింపు కార్డు మీది మసక ముద్ర తప్ప సరియైన ఫోటో లేదు. సెల్‌ఫోన్లలో తీసినవి ఉన్నాయి గానీ, ఫోన్లు మారినప్పుడల్లా కొన్ని మాయమయ్యాయి. "మీ అబ్బా కెమెరా ఇంకా పనిచేస్తుంటే, దానితో ఒక్కటి తీసిపెట్టు. కాగితం మీద ఉండాలి, గోడకు తగిలించాలి" అన్నాడు. ఈ మాట విని అబ్బా తాను రావడానికే సిద్ధమయ్యారు. డెబ్బై మూడేళ్ల వయస్సులో ఆయన మోకాళ్లు అందుకు ఒప్పుకోలేదు. కెమెరాను తుడిచి, ఐఎస్‌ఓ 200 రీళ్లు మూడు, ఫ్రిజ్ డబ్బాలోని సెల్లు ఆరు ఇచ్చి పంపారు.

శీతకాలంలో మంచు పడితే జోజిలా మీది శ్రీనగర్ దారి మూసుకుపోతుంది. కనుక ఢిల్లీ మీదుగా లేహ్‌కు విమానంలో వెళ్లి, ఎత్తుకు శరీరం అలవాటు పడేందుకు రెండు రోజులు ఆగాను. లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి నుండి కార్గిల్‌కు రోడ్డు మార్గాన సుమారు 215 కిలోమీటర్లు. నడుమ లామాయూరు దాటిన తరువాత ఫోటూలా కనుమ వస్తుంది, దాని ఎత్తు 4,108 మీటర్లు. అక్కడ జీపు దిగి మొదటిసారి కెమెరాను కంటికి ఆనించాను. వెలుగును చూపే ముల్లు నిద్రమత్తులో ఉన్నట్లు సగం లేచి మళ్లీ కిందికి వాలిపోయింది. సెల్లు పాతబడ్డాయనుకొని కొత్తవి మార్చాను. ఆ కొత్తవి ఎక్కడ ఉంచానో చెబితే పాఠకులు నవ్వుతారు. సంచికి వెలుపలి జేబులో! చలువ సెల్లను కాపాడుతుంది కదా, ఇక్కడ దేశమంతా ఫ్రిజ్ వలె ఉన్నప్పుడు వాటిని లోపల దాచడమెందుకని నా తెలివి. మార్చిన తరువాత కూడా ముల్లు సరిగా లేవలేదు. చేతులు కొంకర్లు పోతుండగా జీపు ఎక్కి, ఊరు చేరిన తరువాత చూద్దామనుకొన్నాను.

వారి ఇల్లు సూరూ నది ఒడ్డునుండి కొంత మెట్ట ఎక్కిన తరువాత వస్తుంది. ఇంటిల్లిపాదీ చలికాలమంతా వంటగదిలోనే, బుఖారీ చుట్టూ కాలక్షేపం చేస్తారు. బుఖారీ అంటే పొగగొట్టం ఉన్న ఇనుప పొయ్యి. నన్ను దానికి అతి సమీపంలో కూర్చోబెట్టి, ఉప్పు టీ ఒక గిన్నె తరువాత ఒక గిన్నె పోశారు. మూడవ గిన్నెకు నేను అలవాటుగా మన దక్కనీలో "నక్కో" అన్నాను. వారికి ఆ మాట కొత్త. అపీ దానిని రెండు మూడుసార్లు పలికి చూసుకొని, నేను ఉన్న వారం రోజులూ ఎవరేమి ఇచ్చినా "నక్కో" అంటూ అందరినీ నవ్వించింది.

మరునాడు ఉదయం పదిన్నరకు ఎండ బాగా వచ్చింది. ఇంటి గోడకు వేలాడుతున్న ఉష్ణమాపకం సున్నాకు దిగువన 12 డిగ్రీలు చూపుతున్నది. మేడ మీద ఎండలో, వెనుక కొండలు కనబడేటట్లు అపీని కూర్చోబెట్టాలని నా కోరిక. నిచ్చెన వంటి ఇరుకు మెట్లు. ఇద్దరు మనవళ్లు చెరొక వైపు పట్టుకొని ఆమెను పైకి తెచ్చారు. పండుగలకు ధరించే నల్లని అంగీ వేసుకొని, తెల్లని దుపట్టా సరిచేసుకొని, తివాచీ మీద నిటారుగా కూర్చుంది. నేను ఫోకస్ సరిచూసి మీట నొక్కాను.

టక్కుమని ఒక శబ్దం మాత్రం వచ్చింది. ఆ వెంటనే కెమెరాలో చూపు చీకటైపోయింది. లోపలి అద్దం పైకి లేచి అక్కడే ఆగిపోయింది. లీవరు కదలదు, మీట పనిచేయదు. మూత విప్పి మరో రెండు సెల్లు వేశాను. అవి ఆ ఉదయమంతా మేడ మీద సంచిలో ఉన్నవే. ఫలితం లేదు. చేతితొడుగులు తీసివేసినందున వేళ్లు మొద్దుబారి, ఒక సెల్లు జారి మంచులో పడిపోయింది. నా మిత్రుడు తన ఫోన్ తీశాడు. 40 శాతం ఛార్జి ఉన్న ఆ ఫోన్ రెండు నిమిషాల్లో తనంతట తాను ఆరిపోయింది. ఇరవై నిమిషాలు ఆ తల్లి కదలకుండా కూర్చున్నది. ఆమె కళ్ల నుండి నీరు కారుతున్నది. అది చలిగాలి వల్లనే గానీ దుఃఖం వల్ల కాదని నాకు తెలుసు. అయినా ఆ కన్నీటిని చూడలేకపోయాను. చివరకు కోడలు పైకి వచ్చి, "ఇక చాలు" అని గట్టిగా చెప్పి ఆమెను కిందికి తీసుకొనిపోయింది. ఆ రాత్రి అపీకి దగ్గు వచ్చింది.

ఈ వ్యాసంలో నేను దాచుకోదలచిన మాట ఒకటి ఉన్నది. కానీ దాచను. కిందికి దిగి, వంటగది వెచ్చదనంలో నా ఫోన్ తిరిగి తెరుచుకోగానే, నేను అబ్బాకు ఫోన్ చేసి నోటికి వచ్చినట్లు మాట్లాడాను. "మీ ఫ్రిజ్ సిద్ధాంతం నా పరువు తీసింది. ఇన్నేళ్లూ తెలియని విషయాన్ని తెలిసినట్లు చెప్పారు" అన్నాను. తండ్రితో ఏనాడూ ఆ స్వరంతో మాట్లాడినవాడిని కాదు. అటునుండి కొంతసేపు ఏ శబ్దమూ రాలేదు. తరువాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న కెమెరా గురించి కాదు. "ఆ పెద్దావిడకు ఏమీ కాలేదు కదా బేటా?" అన్నారు. అటు తరువాత, కొట్టులో గిరాకీతో మాట్లాడే సౌమ్యమైన గొంతుతో, "వేగం తిప్పే చక్రంలో ఎం250 అని ఉంటుంది చూడు. అక్కడికి తిప్పు, అద్దం దిగుతుంది. ఆ ఒక్క వేగానికి, బల్బ్ అనే దానికి సెల్లు అక్కరలేదు" అన్నారు. తిప్పాను. టపీమని అద్దం దిగివచ్చింది. కెమెరా చచ్చిపోలేదు!

"ఫ్రిజ్ మాట నేను దాచుకోవడానికి చెప్పాను. పని చేయించుకోవడానికి చెప్పలేదు" అన్నారు అబ్బా. క్షమాపణ కోరేలోగా నెట్‌వర్కు పోయింది. ఆ రాత్రంతా ఆ వాక్యం నన్ను నిద్రపోనివ్వలేదు.

సెల్లు చలికి ఎందుకు లొంగుతాయో నాకు మొదట అర్థమయ్యేలా చెప్పినవాడు శాస్త్రవేత్త కాదు, నా మిత్రుని చిన్నాన్న. ఆయన ద్రాస్ వైపు లారీ నడుపుతాడు. జనావాసాలలో అత్యంత శీతలమైన వాటిలో ఒకటిగా చెప్పుకొనే ఊరు ద్రాస్. రాత్రి బండి ఆపగానే ఆయన చేసే మొదటి పని లారీ బ్యాటరీని విప్పి భుజాన వేసుకొని గదిలోకి తెచ్చుకోవడం. "అది చావదు, బిగుసుకుపోతుంది. మనిషి వలెనే" అన్నాడాయన. నా స్టీలు డబ్బా కథ విని పొట్ట పట్టుకొని నవ్వాడు. ఆ తరువాత, మేడ మీద పనిచేయని నాలుగు సెల్లను నా చేత చొక్కా లోపలి జేబులో వేయించి, గంటసేపు ఆగమన్నాడు. గంట తరువాత వాటిని కెమెరాలో వేస్తే ముల్లు ఏమీ ఎరగనట్లు చురుకుగా లేచి నిలబడింది!

సెల్లులో విద్యుత్తు పుట్టడమంటే ఒక రసాయన చర్య జరగడం. మనం సాధారణంగా కొనే ఎల్‌ఆర్44 అనే ఆల్కలైన్ సెల్లు లోపల పొటాషియం హైడ్రాక్సైడు కలిసిన నీరు ఉంటుంది. ఆ ద్రవంలో విద్యుదావేశం గల కణాలు అటూ ఇటూ ప్రయాణిస్తేనే బయటికి విద్యుత్తు వస్తుంది. చలిలో ఆ కణాల నడక మందగిస్తుంది, సెల్లు లోపలి నిరోధం పెరుగుతుంది. కొంచెం విద్యుత్తు అడిగితే ఇస్తుంది, ఒక్కసారిగా ఎక్కువ అడిగితే చేతులెత్తేస్తుంది. ఎఫ్‌ఈ2లో తెరను పట్టి ఉంచేది విద్యుదయస్కాంతం. మీట నొక్కిన క్షణాన అది అడిగే పాలు సెల్లు ఇవ్వలేకపోయింది. అంతే జరిగింది. సెల్లులోని శక్తి ఎక్కడికీ పోలేదు. వెచ్చబడగానే తిరిగి వచ్చింది.

ఇదే చర్య సెల్లు ఊరక పడి ఉన్నప్పుడు కూడా లోలోపల సన్నగా సాగుతూ దానిని క్షీణింపజేస్తుంది. చలువ ఆ క్షీణతను నెమ్మదింపజేస్తుంది. అందువల్ల అబ్బా మాటలో నిజం ఉన్నది. భద్రపరచే చలువే పనిని కూడా ఆపుతుందన్న సగాన్ని ఆయన ఎన్నడూ చూడవలసిన అవసరం రాలేదు. నేను అడగనూ లేదు. (నేటి సెల్లుకు ఫ్రిజ్ అవసరం లేదని, తీసినప్పుడు వాటి మీద తేమ పట్టే ప్రమాదమే ఎక్కువని తయారీదారులు చెబుతున్నారు. రేకుల కప్పు లేని ఇంట్లో నీడపట్టున ఉంచితే చాలు. ఈ సంగతి అబ్బాకు ఇంకా చెప్పలేదు.)

చలి ప్రదేశాలకు పాత కెమెరా తీసుకొని వెళ్లేవారి కోసం నేను నేర్చుకొన్నది కొంత రాస్తాను. సెల్లను ఎంచుకోవడంలోనే సగం పని ఉన్నది. ఎల్‌ఆర్44 చౌక, కానీ వాడేకొద్దీ దాని వోల్టేజి జారుతూ ఉంటుంది, చలికి త్వరగా లొంగుతుంది. అదే పరిమాణంలో ఎస్‌ఆర్44 అనే సిల్వర్ ఆక్సైడు సెల్లు దొరుకుతుంది. అది 1.55 వోల్టులను దాదాపు చివరి వరకు నిలకడగా ఇస్తుంది, చలిని కూడా మెరుగ్గా తట్టుకొంటుంది. వీటన్నిటికన్నా చలికి అనువైనది సీఆర్1/3ఎన్ అనే 3 వోల్టుల లిథియం సెల్లు. రెండు బటన్ సెల్లను ఒకదానిపై ఒకటి పెట్టినంత పొడవుంటుంది గనుక ఆ రెంటికి బదులు ఒక్కటే సరిపోతుంది. దాని లోపలి ద్రవంలో నీరు లేదు. ఇది నాకు ఊరు తిరిగివచ్చిన తరువాత తెలిసింది! చలి కోసమే నికాన్ వారు డీబీ-2 అనే ఒక పరికరం కూడా చేసేవారట. రెండు పెన్సిల్ సెల్లు పెట్టిన చిన్న పెట్టె కోటు లోపలి జేబులో ఉంటుంది, దాని నుండి ఒక తీగ కెమెరా అడుగుకు వస్తుంది. శరీరపు వేడిమిని తీగ గుండా కెమెరాకు అరువిచ్చినట్లన్నమాట. నేను దానిని ఫోటోలో మాత్రమే చూశాను.

ఆ పరికరం లేనివారికి చొక్కా జేబే గతి. రెండు జతల సెల్లు ఉండాలి. ఒకటి కెమెరాలో, మరొకటి ఒంటికి ఆనుకొని. కెమెరాలోనిది నీరసించగానే జతలు మార్చుకోవాలి. జేబులో చిల్లర నాణేలు, తాళంచెవులు వాటితో కలిపి ఉంచరాదు. లోహం తగిలితే అవి అక్కడే ఖర్చైపోతాయి. త్వరగా వెచ్చబడాలని బుఖారీ మీద పెట్టడం మరీ ప్రమాదం, అవి పగిలిపోవచ్చు. కెమెరాను కూడా ఫోటో తీసే వరకు కోటు లోపల ఉంచుకోవాలి. చలిలో ఫిల్ము పెళుసుబారుతుంది గనుక లీవరును మెల్లగా తిప్పాలి. వేగంగా తిప్పితే పొడి గాలిలో పుట్టే విద్యుత్ మెరుపు ఫిల్ము మీద చెట్టుకొమ్మల వంటి గీతలు వేస్తుంది.

చలి కెమెరాను వేడి గదిలోకి తెచ్చేటప్పుడు మరొక చిక్కు ఉన్నది. నేను మొదటి రోజు మేడ మీది నుండి తిన్నగా వంటగదిలోకి తెచ్చాను. టీ కాగే ఆ గదిలో క్షణంలో కెమెరా ఒళ్లంతా, లెన్సు లోపల కూడా, చల్లని గ్లాసు మీద వలె తేమ కమ్మింది. బయట ఉన్నప్పుడే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి లోపలికి తేవాలి. అప్పుడు తేమ సంచి మీద పడుతుంది. రెండు మూడు గంటలు అలాగే వదిలివేసి, ఆపైన విప్పాలి.

ఇక మేడ మీదికి ఆమెను రమ్మని అడిగే ముఖం నాకు లేదు. మూడవ రోజు ఉదయం, ఫజ్ర్ నమాజు తరువాత నేను ఒక మూల కూర్చొని ఉండగా అపీయే పిలిపించింది. ఆమెకు దగ్గు తగ్గింది. దక్షిణపు కిటికీ వద్ద పదకొండు గంటలకు ఎండ తన పరుపు మీద పడుతుందని, అక్కడే తీయమని, ఈసారి తన సెల్లను తానే చూసుకొంటానని చెప్పింది. సెల్లు చలికి నిద్రపోతాయని చిన్న కొడుకు చెప్పగా విన్నదట. రెండు సెల్లు నా నుండి అడిగి తీసుకొని కుడి గుప్పిట్లో పెట్టుకొని, ఆ చేతిని అంగీ పొడుగు చేతిలోకి లాక్కొన్నది. అవి అదనపు జత మాత్రమే, కెమెరాలో వెచ్చని సెల్లు ఉన్నాయని నేను చెప్పినా వినలేదు.

ఆ గదిలో ఏడాది నిండిన మునిమనవడు ఒకడు పాకుతున్నాడు. మెరిసే వస్తువేది కనిపించినా వాడి నోట్లోకే. బటన్ సెల్లు పిల్లలు మింగితే రెండు గంటలలోపే అన్నవాహికను లోపల కాల్చివేయగలదని, అలా జరిగితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలని నేను హెచ్చరించాను. మన ఇళ్లలో పాత రిమోట్లు, బొమ్మలు, గడియారాలు చిన్నపిల్లల మధ్యనే పడి ఉంటాయి గనుక ఈ మాట ఇక్కడ కూడా రాస్తున్నాను. అది విన్నప్పటి నుండి ఆమె ఆ గుప్పిలి తెరవనే లేదు. టీ కూడా ఎడమ చేతితో ఇవ్వబోగా వద్దని, వాటిని తీసే వరకు తాగనన్నది.

కిటికీ వద్ద నాలుగు ఫోటోలు తీశాను. ముల్లు స్థిరంగా నిలిచింది, కెమెరా తానే వేగాన్ని ఎంచుకొన్నది. ప్రతిసారీ మీట నొక్కేముందు నా గుండె ఆగినంత పని అయింది.

బయలుదేరే ఉదయం, జీపు ఎక్కబోతుండగా అపీ కర్ర పట్టుకొని గుమ్మం వరకు వచ్చింది. చుట్టూ మంచు, పైన నీలాకాశం. కెమెరా సంచిలో గడ్డకట్టి ఉన్నది, సెల్లు వెచ్చబరచే వ్యవధి లేదు. చక్రాన్ని ఎం250 మీదికి తిప్పాను. ఎంత తెరవాలో చెప్పే ముల్లు లేదు. 200 ఫిల్ముకు 250వ వంతు సెకను వేగంలో ఎండలో 16 పెట్టాలన్నది స్టూడియోల పాత లెక్క. మంచు మీది నుండి వచ్చే వెలుగు అధికమే అయినా, ఆమె దుస్తులు నల్లనివి, ప్రింటు ఫిల్ము వెలుగు కాస్త ఎక్కువైతే ఓర్చుకొంటుంది, తక్కువైతే ఓర్చదు. అబ్బా ఎప్పుడూ అనేవారు కదా అని 11 పెట్టాను. ఒక్కటే తీశాను.

ఇంటికి చేరిన రోజు నేను నోరు తెరవకముందే అబ్బా కెమెరాను చేతిలోకి తీసుకొని, అడుగు మూత విప్పి, సెల్లు తీసి, రేకులను మెత్తని గుడ్డతో తుడిచారు. నేను ఆయన పక్కన నేల మీద కూర్చొని, ఫోన్‌లో అన్న మాటలకు క్షమించమని అడిగాను. "ఫోటూలాలో ముల్లు పడిపోయినప్పుడే నాకు ఫోన్ చేసి ఉండవలసింది" అన్నారాయన, రేకుల వైపే చూస్తూ. క్షమించానని గానీ లేదని గానీ అనలేదు. రాత్రి భోజనానికి మాత్రం నా పళ్లెంలోకి తన చేతితో నల్లి ఎముక వేశారు.

రీళ్లు కడిగించి హైదరాబాదు నుండి ప్రింట్లు తెప్పించాము. ఫోటూలా చిత్రంలో మంచు తెల్లగా లేదు, బూడిద రంగులో ఉన్నది. వెలుగును కొలిచే యంత్రం దేనినైనా మధ్యరకపు బూడిద రంగుగానే లెక్కిస్తుందని, మంచుకు ఒకటి రెండు అంకెలు ఎక్కువ వెలుగు ఇవ్వాలని అబ్బా వివరించారు. గుమ్మం వద్ద తీసిన ఫోటో, సెల్లు లేకుండా తీసినది, బాగా వచ్చింది. కార్గిల్ వారు దానినే పెద్దదిగా చేయించి గోడకు తగిలించుకొన్నారు. తాతగారి ఫోటో ఉండవలసిన చోట మేకు ఒకటి ఖాళీగా ఉందని, దాని పక్కనే ఇది ఉన్నదని మిత్రుడు చెప్పాడు.

అబ్బాకు నచ్చినది మాత్రం కిటికీ వద్ద తీసిన రెండవది. భూతద్దంతో చాలాసేపు చూసి, "ఈమె కుడి చేయి ఎందుకిలా బిగించి ఉంచింది? ఫోటో తీసేటప్పుడు చేయి వదులుగా పెట్టమని చెప్పలేదా?" అని అడిగారు. నేను కారణం చెప్పాను. ఆయన భూతద్దాన్ని పక్కన పెట్టి, అమ్మీని పిలిచి, ఆ పిడికిలి చూపించారు.